ముట్టుకునే ముందు అడిగిందా?

"మీరు చెప్పింది నేను రాసుకోలేదని మాత్రం అనుకోకండి, శాంతమ్మగారూ."

"రాసుకున్నవు మేడం. యాడ రాసుకున్నవో గదే నాకు తెల్వది."

గవే మా ఇద్దరి ఆఖరి మాటలు. నల్లగొండల మా సర్వే ఆఫీసు మెట్ల మీద అనుకున్నం. ఆమె పేరు అనురాధ మేడం. హైదరాబాదుకెల్లి వచ్చి మా పని చూసుకునేది, నాకు పై ఆఫీసరు. మంచి మనిషి. గది ముందుగాల్నే చెప్తున్న, ఎందుకంటె ఇగ చెప్పబోయే సంగతులల్ల ఆమెతోని నేను కొట్లాడుత.

నేను చెప్తున్న, నా మనవరాలు రూతు రాస్తాంది. వచ్చే నెల అది గీ పనిలనే చేరుతది. దానితోని ఇంకొందరు పిల్లలు గూడ చేరుతున్నరట. ఆఫీసుల నేర్పేటివి ఆఫీసుల నేర్పుతరు, నేను గవి చెప్ప. నాకు సంతకం చేసుడు, బస్సు మీద ఊరి పేరు గుర్తువట్టుడు, గంతవరకే సదువు. పని అసలు ఎట్లుంటదో గది చెప్త.

రోగం లేని రోగి

తెలంగాణ వచ్చినంక సంగతి. రూతు వాళ్ల తాత పోయినంక నేను నార్కట్‌పల్లిల రోడ్డు మీది హోటల్ల గిన్నెలు తోమిన. నీళ్లల్ల నాని నాని చేతులు పాసిపోతే, నల్లగొండకొచ్చి గీ సర్వే ఆఫీసుల ఊడ్చుడు, తుడుసుడు పనికి కుదిరిన. ఆ ఆఫీసోళ్ల పని ఏందంటే, దవాఖానలు తిరిగి ఆడ నర్సులు, డాక్టర్లు, కాంపౌండర్లు వచ్చినోళ్లతోని ఎట్ల మాట్లాడుతరు, వాళ్ల బాస వీళ్లకు ఎర్కేనా, వాళ్ల పద్ధతులు ఎర్కేనా అని రాసుకొచ్చుడు.

మొదట్ల కాయితం నర్సుల చేతికే ఇచ్చిండ్రు. లంబాడి మాట వచ్చా అంటే వచ్చు. ఉర్దూ వచ్చా అంటే వచ్చు. పేషెంటు చెప్పేది ఓపికగ ఇంటరా అంటే ఇంటం. అందరు అన్ని వచ్చనే రాసిండ్రు. గది వాళ్ల తప్పనను. నౌకరి చేసేటోల్లను నీకు పని వచ్చా అని అడిగితే రాదని ఎవలంటరు?

గా కాయితాలు బల్ల మీద ఏసుకుని అనురాధ మేడం తల పట్టుకుని కూసున్నది. నేను చీపురు పట్టుకుని నిలవడి, మా చెల్లెను దవాఖానకు తీస్కపోతె ఆడ ఏమైందో అటెండరుకు చెప్తున్న. నర్సు అన్నది అన్నట్టు, డాక్టరు దగ్గింది దగ్గినట్టు. మేడం తలెత్తి ఇన్నది.

"ఇదంతా మీకెలా గుర్తుంది?" అన్నది.

"రాసుకునుడు రాదు గద మేడం, ఇగ యాదికి పెట్టుకునుడే."

గట్ల నన్ను పేషెంటును చేసిండ్రు. రోగం లేకున్న ఉన్నట్టు పోవాలె. చీటి తీసుకోవాలె, లైన్ల కూసోవాలె, మన వంతొస్తే లోపటికి పోవాలె. మనమెవరమో చెప్పొద్దు. సర్వేవాళ్లు వస్తరని దవాఖానోళ్లకు ఎర్కుంటది. ఎప్పుడొస్తరో, ఎవరొస్తరో ఎర్కుండది. ఒక విడత పోయొచ్చి, వాళ్లకు మార్కులు చెప్పి, ఎట్ల మసులుకోవాల్నో నేర్పి, కొన్ని నెలలాగి మల్ల రెండో విడత పోవుడు. రెండిట్ల తేడా ఎంతున్నదో చూసుడు.

బయట రోడ్డు మీద యాదగిరి బండి ఆపుకుని ఉండేటోడు. మా ఆఫీసు మనిషే, పిల్లల తండ్రి. ఆయన కాయితం చూసి అడుగుతడు, నేను చెప్త, ఆయన టిక్కు కొడతడు. కొత్తోళ్లు ఒకటి యాదుంచుకోవాలె. ఆయన అడుగుడు షురూ చేసినంక మన యాది ఆయన ప్రశ్నలెన్క పోతది. అందుకే బయటికి రాంగనే నేను ముందు అంత ఒక్కపారి చెప్పేదాన్ని, ఎవలు ముందు మాట్లాడింది, ఎవలు ఎటు చూసింది. చెప్పుడయినంక, "ఇగ అడుగు" అనేదాన్ని.

సూది

సూదేయించుకోవద్దు, గది రూలు. అందుకని సూది లేని రోగం చెప్పాలె. నాకు మొదట్ల ఆ తెలివి లేక జరమని చెప్పిన. సిస్టరు సూది పట్టుకుని నా దిక్కు వస్తాంది. పారిపోతె దొరికిపోత.

"బిడ్డా, నాకు సూది మీద మొక్కున్నది," అన్న.

"సూది మీద మొక్కేంది?"

"క్రిస్మస్ దాంక పొడిపించుకోనని ప్రభువుకు మొక్కిన."

ఆమె సూదిని చూసింది, నన్ను చూసింది. "ఇన్నేండ్ల సర్వీసుల గిసుంటి మొక్కు ఇనలే. గోలీల మీదేం లేదు గద?"

"లేదు బిడ్డా."

"అయితె గవన్న మింగు. ప్రభువేమన్న అంటే నా పేరు చెప్పు."

బయటికొస్తే యాదగిరి అడిగిండు, "పేషెంటు నమ్మకాలను గౌరవించిందా?"

"గౌరవించింది, రాయి. ముందు ఆ మొక్కు నాకెట్ల తట్టిందో గది అడుగు," అన్న.

బాస వచ్చుడు

దేవరకొండ దిక్కు తండాలున్న జాగాలల్ల నన్ను లంబాడి మాట్లాడుమని పంపేటోళ్లు. పత్తి ఏరుడు కాడ తండా ఆడోళ్లతోని వయసంత గడిపిన, నాకు ఆ మాట వస్తది. ఒక దవాఖానల లంబాడి వచ్చని రాసిన సిస్టరు ముందట కూసుని ఆ మాటల్నే నా నొప్పి చెప్పిన. సిస్టరు బయటికి కేకేసింది. ఊడ్చే ఆమె చెయ్యి తుడుసుకుంట వచ్చి, నేను చెప్పింది తెలుగుల చెప్పింది, సిస్టరు చెప్పింది నాకు లంబాడిల చెప్పింది. ఆడోళ్ల రోగం గూడ ఆమె ముందటనే చెప్పుకోవాలె. దవాఖానకు లంబాడి వచ్చు, కాయితం అబద్ధం ఆడలే. గని ఆ బాస వచ్చిన మనిషికి ఊడ్చే జీతమే ఇస్తాండ్రు. నేను గీ మాట చెప్తే కాయితంల జాగా లేదన్నరు.

ఇంకొకాయన పాలమూరు దిక్కు డాక్టరు, ఆంధ్రా సైడు మనిషి. "పెద్దమ్మా, నాకు అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పండి" అన్నడు. మల్ల చెప్పిన. "ఇంకా కాలేదు. నొప్పి ఎక్కడో చేత్తో చూపించండి" అన్నడు. సిగ్గుపడలే. బాస వచ్చా అన్నకాడ ఆయనకు సున్న పడ్డది. లైన్ల ఉన్నోళ్లు మాత్రం ఆయన లీవు పెట్టిన దినం వాపసు పోతున్నరు, ఇంకో డాక్టరు కాడికి పోతలేరు. నన్నడిగితే, బాస రాకున్న నడుస్తది. రాదని ఒప్పుకోని మనిషితోని పానానికి ఎక్వ డేంజరు.

మోకాలు

మర్రిగూడ దిక్కు ఒక సర్కారు దవాఖాన. ఊరి పేరు చెప్ప. ఆ దిక్కు ఫ్లోరైడు నీళ్లు ఎసుంటివో మీకెర్కే, బొక్కలు వంగినోళ్లు లైన్ల కూసుండే కాడ మోకాలి నొప్పంటే దొంగదని ఎవ్వలనుకోరు.

కవిత సిస్టరు ఆడ కాంట్రాక్టు మీద చేస్తాంది. రైతుల ఇంటి బిడ్డ, ఊర్ల పేరున్నోళ్లు. నోరు పెద్దది. నేను పోయి కూసున్ననో లేదో, "ఏందవ్వా, గింత ఎండల చెప్పుల్లేకుంట వచ్చినవు? నీకెవ్వల్లేరా?" అన్నది. మోకాలన్న. ఆమె గచ్చు మీద చతికిలవడి, నా కాలు లేపి తన ఒళ్లె పెట్టుకున్నది. ఊరంత తిరిగొచ్చిన దుమ్ము కాలు. నేను గుంజుకున్న.

"సక్కగ కూసో. కాలు నీ కాడనే పెట్టుకుంటే నాకెట్ల తెలుస్తది?" అని మల్ల గుంజి, మోకాలు చుట్టు బొటనవేలుతోని నొక్కుకుంట పోయింది.

నేను ఆ చేతినే చూసుకుంట కూసున్న. ఎందుకో చెప్త. నేను చిన్నగున్నప్పుడు మా నాయినకు జరమొస్తే, మందులిచ్చేటాయన గోలీలు పైకెల్లి చేతుల ఇడిసేటోడు, చెయ్యికి చెయ్యి తాకకుండ. తాగే నీళ్లు గూడ గట్లనే పోద్దురు. మేం చర్చికి పోతం, ప్రార్థన చేసుకుంటం, అయినా మేమెవలమో ఊరు మర్సిపోలే. గిప్పుడు పైకి ఎవ్వలనరు. గని ముట్టుకోబోయి జరసేపు ఆగే చెయ్యి మాకు తెలుస్తది. మా తోలుకు తెలుస్తది. కవిత సిస్టరు చెయ్యి ఆగలే.

బయటికొచ్చి అంత చెప్పిన. యాదగిరి కాయితం తీసిండు. గౌరవంగ పిలిచిందా అంటే, ఏందవ్వా అన్నదని చెప్పిన. గా టిక్కు పోయింది. నెమ్మదిగ మాట్లాడిందా అంటే, ఆమె నెమ్మదిగ మాట్లాడితే బస్టాండుకు ఇనవడ్తదని చెప్పిన. అదీ పోయింది.

"ముట్టుకునే ముందు అడిగిందా?"

"అడగలే."

యాదగిరి పెన్ను ఆపిండు. "శాంతక్కా, అడిగిందని రాయనా? ఎవలకెర్క?"

"వద్దు. ఆఫీసోళ్లు నా సదువు చూసి ఉంచుకోలే, నా నోటిని నమ్మి ఉంచుకున్నరు. అడగలే అని రాయి."

దాని తర్వాత ఇంకో టౌను దవాఖానల గదే మోకాలు చూపిచ్చిన. ఆడి సిస్టరు, "అమ్మా, ముట్టుకోవచ్చాండి?" అన్నది. ముట్టుకో అన్న. రెండు వేళ్లతోని, చీర మీదికెల్లి, కాలిన పెనం ముట్టినట్టు ముట్టింది. కాయితంల ఆమెకు ఏ టిక్కు పోలే.

మేడంతోని కొట్లాట

మార్కులు చెప్పినంక యాదగిరి ఒక కబురు తెచ్చిండు. కవిత సిస్టరుకు అందరికన్న తక్కువొచ్చినయట. రెండో విడతల గూడ గట్లనే వస్తె కాంట్రాక్టు ముందటికి నడపనని ఆమె ఆఫీసరు చెప్పిండట. ఆమె మొగడు ఆటో మీదికెల్లి పడి ఇంట్లనే ఉంటున్నడు. ఇల్లు ఆమె జీతం మీదనే నడుస్తాంది.

నేను మేడం కాడికి పోయిన. నాయిన సంగతి, గోలీల సంగతి, ఒళ్లె పెట్టుకున్న కాలు సంగతి చెప్పిన. ఆమె అంత ఇన్నది. ఇని ఒక్క మాట అడిగింది.

"మీ కాన్పు ఎక్కడ జరిగింది?"

"పెద్ద దవాఖానల."

"అక్కడ మిమ్మల్ని అడిగి ముట్టుకున్నారా?"

నేను తల వంచుకున్న. ఆడ నా మీద బట్ట ఎవలు తీసిండ్రో, ఎందుకు తీసిండ్రో, తొడ మీద ఎవలు కొట్టిండ్రో నాకిప్పటికి తెల్వది. అరిస్తె ఇంకొకటి కొట్టిండ్రు.

"ఆ ప్రశ్న అందుకోసం పెట్టాం," అన్నది మేడం. "కవిత గారు మంచివారే అయుండొచ్చు. ఆవిడ కోసం ఆ ప్రశ్న తీసేస్తే, మిమ్మల్ని కొట్టినవాళ్లు కూడా తప్పించుకుంటారు."

గది గూడ నిజమే. కాదంటె నేను అబద్ధమాడినట్టు. నా మాట నిజమే, ఆమె మాట నిజమే, మధ్యల కవిత సిస్టరు నౌకరి. ఆ దినం నేను చాయ్ గూడ తాగకుండ ఇంటికొచ్చిన.

రెండో విడత

మల్ల గదే దవాఖానకు, గదే మోకాలుతోని పోయిన. నా ముందు ఒక ముసలామె ఉన్నది. మా అసుంటిదే, ఊరికి అవుతల ఉండే ఇండ్ల మనిషి. నాకన్న పెద్దది. కాలికి పాత చీర పేలిక సుట్టుకుని ఉన్నది. షుగరట. పక్కన కూసుంటే వాసన వస్తాంది.

ఆమె వంతొచ్చింది. తలుపు తీసే ఉన్నది, నాకంత కనవడ్తాంది. కవిత సిస్టరు మనిషి మారిపోయింది. గొంతు తగ్గిచ్చింది. కుర్చిల కూసుని, రెండు చేతులు తన ఒళ్లె పెట్టుకుని, సదివినట్టు అన్నది, "అమ్మా, మీ కాలు ముట్టుకోవచ్చా?"

ముసలామె కాలెన్కకు తీసుకున్నది. "వద్దులే బిడ్డా. నీకెందుకు, గలీజున్నది. గోలీలియ్యి, పోత."

గప్పుడు నాకు సమజైంది. మమ్ముల్ని అడిగితే మేం వద్దనే అంటం. గట్ల పెరిగినం. పెద్ద ఇండ్లల్ల "తింటవా" అంటే "తినే వచ్చిన" అనాలె. "కూసుంటవా" అంటే "ఏం ఫరక్ లేదు, నిలవడ్త" అనాలె. అడుగుడు వాళ్ల మర్యాద, వద్దనుడు మా మర్యాద. టౌన్ల ఆ సిస్టరు అడిగినప్పుడు నేను ముట్టుకో అన్న గద, ఎందుకన్న? సర్వే మనిషిని గనక అన్న. జీతానికి అన్న. నిజంగ నొప్పున్న శాంతమ్మ అయితే కాలు చీరల దాసుకునేది. ఇన్ని దవాఖానలల్ల ఇన్నిసార్లు నేను అవునన్న, వాళ్లు టిక్కు కొట్టుకున్నరు. మా లెక్క ఆన్నే తప్పింది.

కవిత సిస్టరు కూసునే ఉన్నది. చేతులు లేపబోతాంది, మల్ల ఒళ్లె పెట్టుకుంటాంది. ఆమె కండ్లు ఆ పేలిక మీదనే ఉన్నయి. వద్దన్నంక ముట్టుకుంటె ఇంక పెద్ద తప్పని ఆమెకు నేర్పిండ్రు గద. ఆఖరికి గోలీల డబ్బా దిక్కు చెయ్యి సాపింది. ముసలామె లేవబోతాంది.

నేను లోపటికి పోయిన.

"సిస్టరమ్మా, గోలీలిచ్చి పంపకు. కట్టిప్పి చూడు."

"నీ వంతు రాలే అవ్వా, బయట కూసో."

"సర్వే మనిషిని నేనే బిడ్డా. నేనే చెప్తున్న. అడగకు, పట్టుకో."

ఆమె నన్ను ఎగాదిగ చూసింది. "మోకాలి నొప్పి అవ్వవు గద నువ్వు?"

"అవును."

"గప్పుడొచ్చింది గూడ దొంగనొప్పేనా?"

"అవును."

"నా మీద రాయించింది నువ్వేనా? నేను నీ కాలు గంటసేపు పిసికితే?"

"అడిగిందా అని అడిగిండ్రు. అడగలే అన్న."

ఆమె కుర్చి ఎన్కకు నూకి గచ్చు మీద కూసున్నది. ముసలామె కాలు గుంజి ఒళ్లె పెట్టుకున్నది. పేలిక కొస పుండుకు అంటుకుని ఉంటే, నీళ్లు పోసుకుంట, నానవెట్టుకుంట ఇప్పింది.

"నీ బట్టలు ఖరాబైతయి బిడ్డా," అన్నది ముసలామె.

"ఉతుక్కుంట తియ్యి. ఇన్ని దినాలు ఏం చేసినవే తల్లీ, ఏలు నల్లవడ్డది. మీ కొడుకును పిలువు, ముందు వాణ్ని తిట్టాలె."

గొంతు మల్ల బస్టాండు దాంక పోయింది.

చెల్లని విడత

మనమెవరమో చెప్పినంక ఆ విడత చెల్లది. గది మొదటి రూలు. నేనే మేడంకు చెప్పిన.

"ఇంక ఈ చుట్టుపక్కల మిమ్మల్ని ఎక్కడికీ పంపలేను, శాంతమ్మగారూ. మీ మొహం తెలిసిపోయింది."

"ఎర్కే మేడం. తెలిసే చెప్పిన."

"మీరు లోపలికి వెళ్లకుండా బయటికొచ్చి నాకు చెప్పుంటే సరిపోయేది."

"గప్పటికి ఆమె గోలీలు పట్టుకుని పోయేది."

మేడం కాయితాలు అటు తిప్పింది, ఇటు తిప్పింది. నేను అడిగిన, "సిస్టరు సంగతేంది?"

"రెండు విడతలూ పూర్తికాని దవాఖానల్ని లెక్కలో వెయ్యం."

"మొదటి విడత మార్కులు?"

"వెయ్యం అన్నాను కదా," అన్నది. నా మొహం చూడలే. ఆ కాయితాలు తీసి వేరే బొత్తిల పెట్టింది.

ఆమె నా కోసం రూలు తప్పలే. రూలు ఉన్నట్టే నడిపింది. అయినా ఆ దినం ఆమె నాకు దగ్గరిదనిపించింది. నేను చెప్పిన మాట, అడిగితే వద్దంటమన్న మాట, ముందట పెట్టుకుని పెన్ను తీసింది, మల్ల పెట్టింది. దాన్ని ఏం ప్రశ్న చెయ్యాల్నో ఆమెకు తోచలే. నాకు గూడ తోచలే. ఇప్పటికి తోచలే. అడగకుండ ముట్టుకునే చెయ్యిల పొగరు గూడ ఉండొచ్చు, మాయ లేని ప్రేమ గూడ ఉండొచ్చు. టిక్కు రెండిటికి ఒక్కటే.

నెలాఖరుకు నా పని బందైంది. మల్ల ఊడ్చే పని ఇస్తమన్నరు, నేనే వద్దన్న. మెట్ల మీద మేడంతోని ఆ ఆఖరి మాటలు గా దినమే.

రిపోర్టు అచ్చయినంక యాదగిరి తెచ్చి చూపిచ్చిండు. మంచిగున్నది, రంగు గీతలు, బొమ్మలు. టౌను సిస్టరు దవాఖాన పేరు మీదికి ఉన్నదట. కవిత సిస్టరు దవాఖాన పేరు యాడ లేదు. ఆమె మీద కాయితం లేకపాయె, కాంట్రాక్టు నడిచింది. ఇప్పటికి ఆన్నే చేస్తాంది. ముసలామె ఏలు ఒకటి తీసేసిండ్రట, కాలు దక్కింది. నేను చూసిన చేతులన్నిట్ల మంచి చెయ్యి లెక్కల లేదు. లేకుండ చేసింది నేనే. అందుకు నాకు రందేం లేదు.

రేపు మీరు పోతరు. కాయితంల ఉన్నది ఉన్నట్టు అడుగుండ్రి, చూసింది చూసినట్టు చెప్పుండ్రి. అబద్ధం టిక్కు కొట్టొద్దు, మంచోళ్ల కోసం గూడ కొట్టొద్దు. గని లైన్ల కూసున్నప్పుడు మీ ముందున్న మనిషిని చూడుండ్రి. మీరు జీతానికి అవునంటరు. ఆ మనిషి ఏమంటదో, కాలు ఎటు జరుపుకుంటదో గది చూడుండ్రి.

రూతూ, ఇగ సాలు. పెన్ను మూత పెట్టి, మొదటికెల్లి సదువు. మెల్లగ సదువు. నేను అన్నది అన్నట్టే ఉన్నదా, నువ్వేమన్న సక్కగ దిద్దినవా, నేను ఇనాలె.